మసక వెలుతురు గ్యాలరీలో చూపు తక్కువైనవారికి, వీల్‌చైర్‌లో వచ్చేవారికి ఏర్పాట్లు ఎలా?

ప్రశ్న:
మాది నీటిరంగుల చిత్రాల గ్యాలరీ. రంగులు వెలిసిపోకుండా వెలుతురు 50 లక్స్ దాటనివ్వం. ఆ మసకలో చూపు తక్కువైనవారు లేబుళ్లు చదవలేకపోతున్నారు. వీల్‌చైర్‌లో వచ్చేవారికి అద్దం మీద దీపం మెరుపే తప్ప బొమ్మ కనబడటం లేదు. చూపు లేనివారు తాకి తెలుసుకునేలా ఒక్క చిత్రమైనా పెట్టాలని ఉంది. ఎలా చేయాలో చెప్పండి.

జవాబు 1:
50 లక్స్ పరిమితి చిత్రానికే గానీ లేబుల్‌కు కాదండి. లేబుల్‌ను ఫ్రేమ్‌కు ఓ అడుగు ఎడంగా జరిపి, దానికి విడిగా సన్నటి స్పాట్‌లైట్ ఇవ్వండి. లేబుల్ మీద కనీసం 100 లక్స్ ఉండాలి. ఆ దీపం వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి లక్స్ మీటర్‌తో చిత్రం దగ్గర కొలవండి. అంకె పెరిగితే వెలుతురు అటు చిందుతోందన్నమాట.

చూపు తక్కువైనవారు మూడు అంగుళాల దగ్గరికి వచ్చి చదువుతారు. దీపం వెనక నుంచి పడితే వాళ్ల తల నీడే అక్షరాలను కప్పేస్తుంది. అందుకే పక్క నుంచి వెయ్యండి, కింద బెంచీ గానీ తాడు గానీ అడ్డం పెట్టకండి. అక్షరాలు 18 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగుకు ఇంకాస్త పెద్దవి కావాలి, వరుసల మధ్య ఎడం కూడా పెంచాలి. లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

జవాబు 2:
పై నుంచి పడే కాంతి అద్దానికి తగిలి కిందికే తిరుగుతుంది, సరిగ్గా కూర్చున్నవారి కళ్లలోకి. దీపాలు సర్దేవాళ్లు నిలబడి చూస్తారు కాబట్టి ఈ లోపం వాళ్లకు తెలియదు. నేల నుంచి 43–51 అంగుళాల ఎత్తులో కళ్లు ఉండేలా కుర్చీలో కూర్చుని ప్రతి చిత్రాన్నీ చూడండి. మెరుపు కనబడితే దీపాన్ని గోడ వైపు జరపండి. మరీ జరిపితే ఫ్రేమ్ నీడ బొమ్మ మీద పడుతుంది. అప్పుడు మెరుపు తగ్గించే అద్దం వేయించడమే దారి.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడిందండి. మరి తాకే చిత్రం?

జవాబు 3:
స్వెల్ పేపర్ వాడండి. దాని మీద నల్లగా ప్రింట్ తీసి హీటర్‌లోంచి పంపితే నలుపు ఉన్నచోట కాగితం ఉబ్బుతుంది. చిత్రం ఫోటోను ఉన్నదున్నట్టు ప్రింట్ చేయకండి, నీడలన్నీ ఉబ్బి వేలికి గజిబిజిగా తగులుతాయి. ముఖ్యమైన ఆకారాలనే గీతలుగా గీయించండి, గీతకూ గీతకూ కనీసం 3 మి.మీ. ఎడం ఉంచండి. ఒక మనిషి వెనక చెట్టు ఉంటే, చెట్టు గీతను మనిషి అంచుకు తగలకముందే ఆపాలి. ముఖం లాంటి చిన్న వివరాలకు ఇంకో షీటు పెద్దగా వేయండి.

బొమ్మ పక్కన రాసే బ్రెయిల్‌ను (వేలితో తాకి చదివే చుక్కల లిపిని) బొమ్మతోపాటు కుదించకండి. పక్కపక్క చుక్కల మధ్య దూరం సుమారు 2.5 మి.మీ. ఉండాలి, అంతకన్నా దగ్గరైతే వేలికి అక్షరం విడిగా తెలియదు. బ్రెయిల్ చదివేవారి చేత, చిత్రం సంగతి ముందుగా చెప్పకుండా, తాకించి చూడండి. వాళ్లు ఏ గీత దగ్గర తడబడితే ఆ గీతనే మార్చండి.