పేర్చినప్పుడున్న జీవం అంటించాక పోతోంది, ఏం చేయాలి?

నేను మిక్స్‌డ్ మీడియా కొలాజ్ (రంగులు, కాగితం ముక్కలు కలిపి అంటించే బొమ్మలు) చేస్తుంటాను. ముందుగా స్కెచ్ వేసుకోను. మందపాటి (300 జీఎస్‌ఎం) వాటర్‌కలర్ పేపర్ మీద పల్చగా యాక్రిలిక్ పూసి, ఆరాక పాత ఉత్తరాలు, మ్యాప్ ముక్కలు, టిష్యూ పేపర్ చించి తోచినట్టు పేరుస్తాను. చించిన అంచున తెల్లటి పీచు బయటపడుతుంది చూడండి, నాకు బొమ్మ అక్కడే మొదలవుతుంది. జర్మన్ కళాకారిణి హన్నా హోఖ్ ఫొటోమాంటేజ్‌లంటే (ఫొటో ముక్కలు కూర్చి చేసిన బొమ్మలు) ప్రాణం, కానీ ఆవిడలా కత్తిరించడం కన్నా చించడమే నా చేతికి నప్పింది.

చిక్కంతా అంటించేటప్పుడే. మ్యాట్ జెల్ మీడియం (జిగురుగా వాడే యాక్రిలిక్ జెల్) తగలగానే పల్చటి కాగితం సాగి ముడతలు పడుతుంది, టిష్యూలోంచి కింది రంగు కనిపిస్తుంది. ముక్కలు తీసి మళ్లీ పెట్టేసరికి పొందిక మారిపోతుంది.

ఫోన్‌లో ఫొటో తీసుకుని, దాన్ని చూస్తూ అంటించాను. అంతా సరిగ్గానే కుదిరింది, కానీ నకలు దించినట్టుంది. గ్లూ స్టిక్‌తో తాత్కాలికంగా అతికిస్తే అంచులు లేచాయి. కాగితాలకు రెండు వైపులా ముందే మీడియం పూసి ఆరబెడితే ముడతలు బాగా తగ్గాయి, ఆ పద్ధతి వదలను. పేర్చకుండా నేరుగా అంటిస్తూ పోతే మాత్రం రెండో పొర దగ్గరే టెన్షన్‌తో చెయ్యి ఆగిపోతోంది.

ఇలా ప్లాన్ లేకుండా పనిచేసేవాళ్లు, ఆ ఊపు పోకుండా ముక్కల్ని ఏ దశలో, ఎలా అంటిస్తారు?