చూపు లేనివారికి విడిగా వంటల పుస్తకం అవసరమా?

ప్రశ్న: చూపు పోయిన మా అక్క మళ్ళీ తానే వండుకోవాలని పట్టుబట్టింది. బ్రెయిలీ ఇంకా కూడబలుక్కునే దశలోనే ఉంది కానీ, ఫోనులోని స్క్రీన్ రీడర్‌ను (తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) బాగానే వాడుతుంది. అంధుల కోసమే రాసిన వంటల పుస్తకం కొనాలా, లేక అందరూ చదివేదే ఆమె చదువుకోగల రూపంలో ఇస్తే చాలునా?

సమాధానం 1: ప్రత్యేకంగా రాసినదే కొనండి. మామూలు పుస్తకం "ఉల్లిపాయ ముక్కలు బంగారు రంగుకు వచ్చేవరకు వేయించండి" అని చెప్పి, పక్కన ఒక ఫొటో వేసి ఊరుకుంటుంది. ఆ రెండూ మీ అక్కగారికి పనికిరావు. పొయ్యి వెలిగించకముందే గిన్నెను నడిమధ్యకు కుదుర్చుకోవడం, నీళ్ళు వంచేటప్పుడు ఒక పాత్ర అంచును రెండో పాత్ర అంచుకు ఆనించుకోవడం వంటివి ఓపికగా చెప్పేది అటువంటి పుస్తకాలే.

సమాధానం 2: పైవారితో సగమే ఏకీభవిస్తాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. వంట మొదలుపెట్టి 20 ఏళ్ళు దాటింది. గిన్నె కుదుర్చుకోవడం వంటి మెలకువలు ఒకసారి చేతికి వస్తే, ప్రతి వంటకంలోనూ వాటిని చెప్పనక్కరలేదు. పైగా నాకు దొరికిన ప్రత్యేక పుస్తకాలు కత్తి, నూనె, మంట అంటేనే జంకి, డబ్బా విప్పి వేడిచేసుకునే వంటల దగ్గరే ఆగిపోయాయి. (2012లో అమెరికా టీవీ వంటల పోటీ మాస్టర్‌షెఫ్ మూడవ సీజన్ గెలిచిన క్రిస్టీన్ హా అంధురాలేనని ఆ రచయితలకు గుర్తుచేయాలనిపిస్తుంది.)

రంగు మాట కూడా అంత పెద్ద అడ్డంకి కాదు. ఉల్లిపాయ వేడి నూనెలో పడగానే అందులోని నీరు ఆవిరవుతూ గట్టిగా చిటపటలాడుతుంది. నీరు తగ్గేకొద్దీ చప్పుడు పలచబడుతుంది, ఘాటు వాసన తీపిగా మారుతుంది, గరిటెకు తగిలే ముక్క మెత్తబడుతుంది. రంగుతో పాటు వీటిలో ఒక్కదాన్నైనా, కనీసం ఎన్ని నిమిషాలో అయినా చెప్పే పుస్తకం ఎవరికోసం రాసినదైనా నాకు సరిపోతుంది.

సమాధానం 3: మీ ఇద్దరూ రూపం సంగతి వదిలేశారు. పేజీలను ఫొటోలుగా పేర్చిన పీడీఎఫ్‌లో స్క్రీన్ రీడర్ చదవడానికి అక్షరాలే ఉండవు. ఆడియోలో, చేతులు పిండిలో ఉండగా కొలత మరిచిపోతే వెనక్కి వెతుక్కోవడం నరకం. ప్రతి వంటకానికీ, దినుసుల పట్టికకూ శీర్షికలు పెట్టిన ఈపబ్ (ఒక రకం ఈ-పుస్తకం) అయితే కావలసిన చోటికి నేరుగా దూకవచ్చు. నచ్చిన పుస్తకం ఆ రూపంలో లేకపోతే అంధుల గ్రంథాలయాన్ని అడగండి. చూపు లేనివారికి పుస్తకాలు అందేందుకు 2013లో కుదిరిన మర్రాకేష్ అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన దేశాలలో అర్హత గల సంస్థలు ప్రచురణకర్త అనుమతి లేకుండానే అటువంటి ప్రతులు తయారుచేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు: రెండు మామూలు పుస్తకాల నమూనా అధ్యాయాలను అక్క నిన్న ఫోనులో విన్నది. మొదటిదానిలో "1/2 కప్పు" అన్నచోట స్క్రీన్ రీడర్ తేదీ చదివినట్లు చదివింది. రెండవదానిలో "అర కప్పు" అని అక్షరాలలోనే ఉంది. రెండవదే కొనమన్నది. అంచుకు అంచు ఆనించి వంచడం మాత్రం ముందు చన్నీళ్ళతో సాధన చేస్తానన్నది.