జీవితాన్ని ఆటలా చూస్తే బిజినెస్‌లో ఎదుగుతామా, ఇల్లు గుల్ల చేసుకుంటామా?

మడికొండ_కుర్రోడు

అందరికీ నమస్తే. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేస్తున్నాను. పక్కన చపాట మిర్చి కారం పట్టించి, ప్యాకెట్లు చేసి అమ్ముతున్నాను. చపాట అంటే మన వరంగల్ వైపు పండే లావు మిరప. ఘాటు తక్కువ, రంగు మస్తు, అందుకే పచ్చళ్లవాళ్లకు ఇష్టం. 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది. పేరు నలుగురి నోళ్లలో నానుతున్నప్పుడే దిగిపోవాలని నా తాపత్రయం.

ఈ మధ్య ఒక స్టార్టప్ మీటింగ్‌కు వెళ్లాను. అక్కడ మాట్లాడినాయన జీవితాన్ని ఆటలా చూడమన్నాడు. ప్రతి కష్టం ఒక లెవెల్ అట. ఓడితే మళ్లీ స్టార్ట్ నొక్కాలట, ‘నేను పనికిరాను’ అని కుంగిపోకూడదట. చప్పట్లు బాగానే పడ్డాయి.

మామూలుగా ఇలాంటివి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. ఇది మాత్రం ఒకచోట నిజంగా పనిచేసింది. కిరాణా షాపులకు శాంపిల్ పట్టుకుని పోవాలంటే నాకు కాళ్లాడేవి కావు. సేటు వేరే గిరాకీ చూసుకుంటుంటే ప్యాకెట్ చేతిలో పట్టుకుని పక్కన నిలబడటం ఎంత నామోషీనో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. అప్పుడు ఆర్డర్లు లెక్కపెట్టడం మానేసి ‘వద్దు’లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వద్దంటే ఒక పాయింటు. ఎందుకు వద్దో కూడా చెప్తే రెండు. ఆ రెండో పాయింటు కోసం నోరు తెరిచి అడగడం అలవాటైంది. ‘ఇంత ఎర్రగా ఉంటే రంగు కలిపారని అనుకుంటారు బాబూ’ అని ఒక సేటు చెప్పేదాకా మా సరుకుకు అసలు అడ్డంకి దాని అందమేనని నాకు తట్టలేదు.

ఇప్పుడు ఉద్యోగం మానేసి, చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర లోను తీసుకుని పూర్తిగా ఇందులోనే దిగుదామని ఉంది. ఇంట్లో రోజూ గొడవ. ‘బతుకంటే ఆటనుకుంటున్నావా’ అంటాడు నాన్న. అవును, అనుకుంటే తప్పేంటి? మీరేమంటారు?

అడ్తి_బజార్

తమ్ముడూ, మాది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం, కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెడతాం, నాన్న కాలం నుంచి ఉంది. ఫిబ్రవరి, మార్చిలో ఒక పొద్దున వచ్చి చూడు. పొద్దున్నే జెండా పాట అవుతుంది, అంటే ఆ రోజు పై రేటు తేల్చే వేలం. ఆ రేటు బోర్డు మీద చూసి రైతు ముఖం వెలుగుతుంది. తర్వాత ఖరీదుదారు వచ్చి ఆయన బస్తాలో చేయిపెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. ఒకటి విరిచి, గింజ చూసి, తెల్లబడిన నాలుగు కాయలు పక్కకు తీసి ‘తాలు ఉంది’ అంటాడు. అంతే. బోర్డు మీది రేటు వేరు, ఆయన చేతికొచ్చే రేటు వేరు. నారు పోసిన దగ్గర్నుంచి కైకిలోళ్లకు ఇచ్చిన కూలీ దాకా అంతా ఆ గుప్పెట్లో తేలిపోతుంది. ఆ రైతు దగ్గరికి పోయి ‘ఓడితే మళ్లీ స్టార్ట్ నొక్కు పెద్దాయనా’ అని చెప్పు చూద్దాం.

1997–98 పత్తి సీజన్ నీకు గుర్తుండదు. పురుగు పడింది, కొట్టిన మందు పనిచేయలేదు, మందులకు తెచ్చిన అప్పు మిత్తితో పెరిగింది. పత్తి రైతుల చావులతో వరంగల్ జిల్లా పేరు దేశమంతా వినిపించింది. వాళ్లెవరికీ ధైర్యం లేక కాదు. రెండో ఛాన్సు లేక.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ఎవరి పైసలతో ఆడుతున్నావు?

64_గళ్లు

అడ్తి గారి ప్రశ్న న్యాయమైందే. కానీ ఆట అంటే బాధ్యత లేని పని అనుకుంటున్నారు, అక్కడే నాకు అభ్యంతరం. నేను పిల్లలకు చెస్ నేర్పుతాను. మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబర్ ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) జాబితాలో 2801 రేటింగ్‌తో ఉన్నాడు. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. ‘ఆటే కదా’ అనుకుంటే ఆ అంకె వస్తుందా?

చెస్ నుంచి బిజినెస్‌కు తీసుకెళ్లాల్సింది పాయింట్లు, లెవెళ్లు కాదు. ఎత్తులు రాసిపెట్టుకోవడం. పెద్ద గేముల్లో ప్రతి ఎత్తూ ఇద్దరూ కాగితం మీద రాయాలి. గేమ్ అయ్యాక చాలాసార్లు గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎక్కడ తేడా కొట్టిందో చూసుకుంటారు. కాగితం ఉంది కాబట్టి ఎవరూ మాట మార్చలేరు. మన వ్యాపారుల్లో ఎంతమంది అలా చేస్తారు? లాభం వస్తే నా తెలివి, నష్టమొస్తే టైం బాగోలేదు. ఈ సరుకు ఎందుకు కొంటున్నాను, ఏ రేటుకు అమ్ముడుపోతుందని లెక్క వేస్తున్నాను అని కొనే రోజే ఒక నోటుబుక్కులో రాసి తేదీ వేయండి. ఆరు నెలల తర్వాత అది చదవడానికి గుండె ధైర్యం కావాలి.

ఇంకోటి. ఫిడే రేటింగ్‌లో కె అనే గుణకం ఉంటుంది, ఒక్కో గేముకు రేటింగ్ ఎంత మారాలో అదే తేలుస్తుంది. కొత్తగా వచ్చినవాడికి అది 40, ఒకసారి 2400 అందుకున్నవాడికి 10. అంటే కొత్తలో ఓడితే దబ్బున పడతాడు, గెలిస్తే అంతే వేగంగా లేస్తాడు. అలా మొదటి ఓటములు జన్మంతా వెంటాడవు. కుర్రోళ్లు తొందరగా, చిన్న మొత్తాలతో ఓడిపోవాలని నేను చెప్పేది అందుకే.

అడ్తి_బజార్

మాస్టారూ, బ్యాంకువాళ్లకు మీ కె గుణకం తెలియదు. ముద్ర లోనుకు తాకట్టు అక్కర్లేదు, నిజమే. కిస్తీలు తప్పితే మాత్రం మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో 36 నెలల చెల్లింపులు వరసగా కనిపిస్తాయి. 300 నుంచి 900 దాకా అదీ ఒక స్కోరే. కొత్తగా వచ్చావని అది ఎవరినీ కనికరించదు. రేపు నాన్న ఆపరేషన్‌కు లోను కావాలంటే ఆ అంకె చూసే మాట్లాడతారు.

బండి_మీద_బతుకు

జీవితాన్ని ఆటలా చూడాలా వద్దా అని మీరు చర్చ పెట్టుకున్నారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, పట్టుకొచ్చి ఆటలో పడేశారు. నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. యాప్‌లో అన్నీ ఉంటాయి, లెవెళ్లు, రంగులు, నిండుతూ పోయే పచ్చ గీత. ఇన్ని ఆర్డర్లు చేస్తే ఇంత ఇన్సెంటివ్. రాత్రి పదిన్నరకు ఒక్క ఆర్డర్ మిగిలి ఉంటుంది. కాజీపేట చౌరస్తాలో బండి స్టాండ్ వేసి ఫోన్ వంక చూస్తూ నిలబడతా. గీత చివర వేలెడంత ఖాళీ. పక్కోడి ఫోన్ మోగుతుంది, నాది మోగదు. ఎందుకు మోగలేదో అడుగుదామంటే మనిషి దొరకడు. తెల్లారితే గీత మళ్లీ సున్నా నుంచి మొదలు. వచ్చే వారం రూల్ మారుతుంది, అది కూడా ఫోన్‌లో చూస్తేనే తెలుస్తుంది.

ఆడేవాడు వేరు, పావు వేరు. మేం పావులం. మీ మీటింగ్ సారుకు ఇది చెప్పండి.

మడికొండ_కుర్రోడు

అన్నా, మీ బాధ అర్థమైంది. నా ‘వద్దు’ల లెక్క మాత్రం నేనే పెట్టుకున్నాను, నేనే తీసేయగలను. అది వేరు కదా?

సైకాలజీ_మేడమ్

వేరే, కానీ నువ్వు పెట్టుకున్న లెక్క కూడా నిన్నే తినొచ్చు. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ నర్సరీ స్కూల్లో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడమంటే ప్రాణం పెట్టే చిన్నపిల్లల్ని తీసుకున్నారు. కొందరికి బొమ్మ గీస్తే బంగారు సీలు, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా గీసిన తర్వాత ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లకు అవే పెన్నులు మళ్లీ ముందు పెడితే, బహుమతి మాట ముందే విన్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు గీశారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్లకు మోజు తగ్గలేదు.

కాబట్టి బాబూ, నీకు కష్టంగా ఉన్న పనికి పాయింట్లు పెట్టుకో. షాపుల చుట్టూ తిరగడం అలాంటిదే. మిరపకాయ ఎంత ఎండాలి, ఎంత మెత్తగా పట్టించాలి అని ఇంట్లో కూర్చుని చేసే ప్రయోగాలు నీకు ఇష్టమనుకుంటాను. వాటికి స్కోరు పెట్టకు. మా కాలేజీ పిల్లల్లో పుస్తకాలంటే పడిచచ్చేవాళ్లను చూశాను. చదివిన పేజీలు యాప్‌లో ఎక్కించడం మొదలుపెట్టాక సన్నటి పుస్తకాలు ఏరుకుంటున్నారు.

కేయూ_రీడింగ్‌రూమ్

ఆటకు అంపైర్ కావాలి, ఎవరూ ఆ మాట ఎత్తలేదేం? తెలంగాణ సర్కారు కొలువులకు గ్రూప్స్ పరీక్షలు రాసే మావాళ్లను అడగండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్–1 నోటిఫికేషన్. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశాం, పేపర్ లీకేజీతో రద్దు. 2023 జూన్ 11న మళ్లీ రాశాం, బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. రెండుసార్లు పరీక్ష రాసినవాడు కూడా మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడ్డాడు. వైకుంఠపాళిలో పాము కూడా తన గడి దాటి రాదు. ఎక్కడుందో ముందే కనపడుతుంది.

దీన్ని ఆటగా చూడమంటే తప్పంతా ఆడినవాడిదే అవుతుంది. ‘నీ మైండ్‌సెట్ మార్చుకో’ అంటారు. పేపర్ లీకైతే నా మైండ్‌సెట్ ఏం చేస్తుంది?

సంఘం_అక్క

పరకాల వైపు మహిళా సంఘంలో ఉన్నా. పచ్చళ్లు పెడతాం. చపాట మేమూ కొంటాం తమ్ముడూ, నీ సరుకు గురించి తర్వాత మాట్లాడుకుందాం.

సంఘంలో ఒకరు కిస్తీ ఆపితే బ్యాంకు తర్వాతి లోను అందరికీ ఆపుతుంది. అందుకని మాలో ఎవరైనా ‘నేను రిస్క్ చేస్తా’ అంటే అందరం చేసినట్టే. మీటింగ్‌లో ఆ మాట గంటసేపు నలుగుతుంది. ఎవరింట్లో ఎంత వస్తుంది, ఎవరి బిడ్డ పెళ్లి ఉంది, అన్నీ బయటికొస్తాయి. చిరాకే. కానీ పందెంలో ఏముందో అందరికీ తెలుస్తుంది.

మీ ఇళ్లల్లో ఆ మీటింగ్ జరగదు. కొడుకు బిజినెస్ అంటాడు. పక్కనే ఒక భార్యో, అక్కో, అమ్మో నెల జీతం తెస్తూనే ఉంటుంది, లేదా మిషన్ కుడుతూనే ఉంటుంది. స్కోరులో ఆమె పేరు ఉండదు, ఆటలో అరటిపండు. ఆమె చేతి పైసలు ఆగిన నెలలో తెలుస్తుంది, అన్నాళ్లూ ఆట ఎవరి మీద నడిచిందో. ధర్మరాజు జూదం మనందరికీ తెలుసు. ముందు సొమ్ము పెట్టాడు, తర్వాత తమ్ముళ్లను, తర్వాత తనను తాను, చివరికి ద్రౌపదిని. నిండు సభలో ఆమె అడిగింది న్యాయమే కదా, ముందు తనను తాను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అని. తనే తనకు లేనివాడు నన్నెట్లా పెడతాడని. ఆ సభలో పెద్దలకే జవాబు దొరకలేదు.

నువ్వు ఆడొద్దని నేననను. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి కాగితం మీద రాయి. ఎంత పెడుతున్నావు, ఎప్పటిదాకా. నాన్న పట్టా పాసుబుక్కు, అమ్మ పుస్తెలతాడు, చెల్లెలి పేరున దాచింది ఈ ఆటలోకి రావని రాయి. ఆ కాగితం నీ దగ్గర కాదు, అమ్మ దగ్గర ఉండాలి.

బండి_మీద_బతుకు

అక్కా, ఈ మాట మా ఇంట్లో ఎవరైనా ముందే చెప్పుంటే బండి ఈఎంఐ నా ఒక్కడి నెత్తిన పడేది కాదు.

64_గళ్లు

అక్క చెప్పిన కాగితంలో ఇంకో లైను కలపాలి. ఎంత పోతే ఆపాలో అందరూ రాస్తారు. ఎంత వస్తే గెలిచినట్టో ఎవరూ రాయరు. అది రాయకపోతే లాభం వచ్చినా మానసికంగా ఓడినవాడిలాగే తిరుగుతారు. పక్కోడి షాపు చూసి రెండో బ్రాంచి పెట్టి మునిగినవాళ్లు హనుమకొండలో కావలసినంత మంది ఉన్నారు.

మడికొండ_కుర్రోడు

అందరివీ చదివాను. నిన్న రాత్రి ఇంట్లో కూర్చున్నాం. నేను రాసిన మొత్తం నాన్న కొట్టేసి సగం చేశాడు. అమ్మ అడిగింది వేరే, ‘ఆపాల్సిన తేదీ నీ పుట్టినరోజు నాడే ఎందుకు పెట్టావురా, ఆ రోజు నీకు చెప్పడానికి నాకు మనసొస్తుందా’ అని. తేదీ మార్చాం. వచ్చే సీజన్ దాకా ఉద్యోగం మానను. లోను జోలికి ఇప్పుడు పోను, జీతంలోంచే బస్తాలు కొంటాను.

కానీ అడ్తి అన్నా, ఒక మాట. ఆటలా అనుకోకపోతే నేను ఆ మొదటి షాపు మెట్లే ఎక్కేవాణ్ని కాదు. భయంతో ఇంట్లో కూర్చోవడానికి కూడా ఖర్చవుతుంది, అది ఎవరి ఖాతాలోనూ రాయరు. ఆ విషయంలో నేను మారలేదు.

అడ్తి_బజార్

మారకు. నీకు జీతం ఉంది కాబట్టి నీకది ఆట. నీకు మిరపకాయ అమ్మే రైతుకు కాదు, నేను చెప్పేది అంతే. ఫిబ్రవరిలో మార్కెట్‌కు రా, తాలు ఎట్లా గుర్తుపట్టాలో నేర్పిస్తా. చపాట లావు కాయ, లోపల తేమ ఉండిపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టినా బూజు పడుతుంది. కొనేటప్పుడు కాయ ఊపి చూడు, గింజ గలగలమనాలి.

సంఘం_అక్క

అడ్తి అన్నా, ఆ నేర్పించేదేదో మా సంఘం వాళ్లకు కూడా నేర్పించు. పోయినసారి మాకు తాలు అంటగట్టింది మీ బజార్లోనే.