‘ఫాక్తియో’ని ‘వర్గం’ అనొచ్చా?

రోమ్‌లో కొలోసియం పక్కనున్న కాన్‌స్టంటైన్ విజయతోరణం మీది లాటిన్ శాసనాన్ని తెలుగు చేస్తున్నాను. 312 అక్టోబరు 28న మిల్వియన్ వంతెన దగ్గర రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్, గద్దె కోసం తనతో పోటీపడ్డ మాక్సెంటియస్‌ను ఓడించినందుకు సెనేటు కట్టించి, 315లో అంకితమిచ్చిన తోరణం అది. ‘తిరన్నుస్’ మీదా, అతని ‘ఫాక్తియో’ మొత్తం మీదా రాజ్యం తరఫున ధర్మయుద్ధంతో పగ తీర్చాడని అందులో ఉంది. మొదటిదానికి ‘నియంత’, రెండోదానికి ‘వర్గం’ అని రాశాను. చప్పగా ఉంది. ఏమంటారు?

జవాబు:
‘వర్గం’ వద్దండీ. వర్గం మనకీ ఉండొచ్చు. రోమన్ రాజకీయాల్లో ఫాక్తియో ఎప్పుడూ ఎదుటివాడిదే. రోమన్ చరిత్రకారుడు సల్లుస్ట్ తన ‘జుగుర్తా యుద్ధం’లో ఒక ట్రిబ్యూన్ (సామాన్యుల ప్రతినిధి) చేత అనిపిస్తాడు: మంచివాళ్ల మధ్య ఉంటే ఇది స్నేహం, చెడ్డవాళ్ల మధ్య ఉంటే ఫాక్తియో. పుట్టుకలో ఆ మాటకి ఏ పాపమూ లేదు. ‘చేయు’ అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. రథాల పందేల జట్లనీ అలాగే పిలిచేవారు.

రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ తన ఘనకార్యాల శాసనాన్ని మొదలుపెట్టేదే ఈ మాటతో. పందొమ్మిదేళ్ల వయసులో సొంత ఖర్చుతో సైన్యాన్ని కూడగట్టి, ఒక ఫాక్తియో పెత్తనం కింద నలిగిపోతున్న రాజ్యానికి స్వేచ్ఛ తెచ్చాడట. ఎవరి ఫాక్తియో? చెప్పడు. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర ఓడించిన ఆంటొనీ పేరు ఎక్కడా ఎత్తడు. ఒకచోట మాత్రం ‘నేను ఎవరితో యుద్ధం చేశానో అతను’ అని దాటేస్తాడు. మీ తోరణం మీద కూడా మాక్సెంటియస్ పేరుండదు, గమనించారా? స్వయానా బావమరిది మరి, కాన్‌స్టంటైన్ భార్య ఫౌస్టాకి అన్నదమ్ముడు!

నేనైతే ‘ముఠా’ అంటాను.

అడిగినవారు:
మరి ‘ఫ్యాక్షన్’ అనే ఉంచేస్తే? లాటిన్ నుంచి ఇంగ్లిష్ మీదుగా రాయలసీమ దాకా వచ్చిన అదే మాట కదా.

జవాబు:
టెంప్టింగే. కానీ మన వాడుకలో ఫ్యాక్షన్ అంటే రెండు వైపులా ఉంటుంది, ఇద్దరిదీ కక్షే. శాసనంలో కాన్‌స్టంటైన్‌ది వైపు కాదు, అదే రాజ్యం. ఆ తేడా పోతుంది.

‘నియంత’ కూడా సరిపోదు. నాలుగో శతాబ్దం నాటికి తిరన్నుస్ అంటే క్రూరుడు అనేకన్నా, హక్కు లేకుండా గద్దెనెక్కినవాడు అనే అర్థం బలపడింది. 306లో ఇద్దరికీ జేజేలు కొట్టింది సైనికులే: కాన్‌స్టంటైన్‌కి యార్క్‌లో, మాక్సెంటియస్‌కి రోమ్‌లో. హక్కు ఎవరిదో తేల్చింది ఆ వంతెన దగ్గరి యుద్ధం. అందుకని ‘రాజ్యాపహారి’ పెట్టి చూడండి.

అడిగినవారు:
‘ముఠా’ ఖాయం. ‘రాజ్యాపహారి’ కాస్త పౌరాణిక నాటకంలా వినిపిస్తోంది.

జవాబు:
వినిపించనీయండి. రాతి మీద చెక్కిన మాట, ఆ మాత్రం రాగం తీయాలి.