యుద్ధం వస్తే కాన్పులు ఎక్కడ? పెద్దాసుపత్రిలోనా, ఊర్లోనా?

హన్మకొండ_రాజన్న: 2025 మే 7న మాక్ డ్రిల్ అని హైదరాబాద్‌లో సైరన్లు మోగించారు. సరే, నెలలు నిండిన మనిషిని ఎటు తీసుకుపోవాలి? నేననేది, వరంగల్ పెద్దాసుపత్రి కింద సెల్లార్‌లో థియేటర్, జనరేటర్, బ్లడ్ బ్యాంక్ పెట్టి కాన్పులన్నీ అక్కడే చేయాలి.

ములుగు_పోరడు: ఆ ఒక్కచోటే బాంబు పడితే? ఉక్రెయిన్‌లో మరియుపోల్ ప్రసూతి ఆసుపత్రి మీద 2022 మార్చి 9న పడింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్తున్న గర్భిణి ఫొటో అందరం చూశాం, ఆమె బతకలేదు, బిడ్డా దక్కలేదు. అయినా వరంగల్ దాకా రోడ్డుంటుందని ఎవరు చెప్పారు? 2023 జులైలో మా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, యుద్ధం లేకుండానే దారులు తెగిపోయాయి. ట్రైనింగ్ ఇచ్చిన మంత్రసాని ఊర్లో ఉంటే నయం.

హన్మకొండ_రాజన్న: మంత్రసానా! మళ్లీ కొడవలితో బొడ్డు కోయిద్దామా?

ములుగు_పోరడు: కొడవలి అని నేనన్నానా?

హన్మకొండ_రాజన్న: మంత్రసాని అన్నావుగా.

కాజీపేట_కిట్టు: మన దాకా యుద్ధం రాదు, పడుకోండి.

నర్సు_అక్క: కొడవలి వదిలేయండి తమ్మీ. శరణార్థుల క్యాంపుల్లో గర్భిణులకు ముందే చిన్న కిట్ ఇస్తారు, పరుచుకునే ప్లాస్టిక్ షీటు, సబ్బు, కొత్త బ్లేడు, బొడ్డుకు కట్టే దారం. మామూలు కాన్పుకు సరిపోతుంది. కానీ రక్తం ఆగకపోతే? ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలి, కరెంటు లేకపోతే దాన్ని నమ్మలేం. మిసోప్రోస్టాల్ మాత్రలకు ఫ్రిజ్ అక్కర్లేదు, అవి ఊర్లో ఉంచొచ్చు. ఇంకో సంగతి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. వాళ్లకు మళ్లీ నొప్పులొస్తే పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే భయం ఉంటుంది. వాళ్లను ఊర్లో ఉంచి ఏం చేస్తావు?

హన్మకొండ_రాజన్న: చూశావా, అక్కది నా మాటే.

నర్సు_అక్క: నీ మాట కాదు. గాజాలో అల్ షిఫా కూడా పెద్దాసుపత్రే. 2023 నవంబర్‌లో కరెంటు లేక ఇంక్యుబేటర్లు ఆగితే నెలలు నిండని పసికందులను ఒకే మంచం మీద వరుసగా పడుకోబెట్టారు, చివరికి 31 మందిని బయటికి తరలించారు. నీ సెల్లార్‌లో డీజిల్ ఎన్ని రోజులకు?

హన్మకొండ_రాజన్న: ఊరి ఆసుపత్రి గొప్పలు నాకు చెప్పకండి. మా ఆవిడకు రాత్రి రెండింటికి నొప్పులొస్తే ఊరి పీహెచ్‌సీ గేటుకు తాళం. ఫోన్ చేస్తే ఎత్తరు. పాప ఆటోలో పుట్టింది, నా లుంగీలో చుట్టి తెచ్చాను. అప్పుడు యుద్ధం లేదు!

ములుగు_పోరడు: మరి నీ కోపం తాళం మీద ఉండాలి, మంత్రసాని మీద కాదు. అడిగావు కాబట్టి చెప్తున్నా, మా అమ్మ మంత్రసాని. బిడ్డ అడ్డం తిరిగిందని చెయ్యి పెట్టి చూసి, తనే ఎడ్ల కచ్చరం కట్టించి ఒకామెను పట్నం తీసుకుపోయింది. అక్కడ డాక్టరమ్మ అందరి ముందు "నువ్వు ముట్టుకున్నందుకే ఇట్లయింది" అంది. మళ్లీ ఎవరి కాన్పుకూ పోలేదు. నువ్వు కొడవలి అన్నప్పుడు నాకు ఆ మాటే వినబడింది.

హన్మకొండ_రాజన్న: అది నాకు తెల్వదు తమ్మీ. కానీ ఆ రాత్రి మీ అమ్మలాంటి మనిషి దొరికినా నా భార్యను అప్పజెప్పేవాణ్ని కాదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ములుగు_పోరడు: ఆటోవాడికి అప్పజెప్పావు కదా.

నర్సు_అక్క: మీ ఇద్దరి ఊర్లలో పీహెచ్‌సీ తాళం చెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది? ముందు అది చెప్పండి.

కాజీపేట_కిట్టు: మా ఊర్లో అయితే పక్కన కిరాణా కొట్టు ఆయన దగ్గర.