ఫైబర్ కనెక్షన్ బిగించే రోజున ఏమేమి చూసుకోవాలి?

హనుమకొండలో మాది పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. వచ్చే వారం ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ బిగించడానికి మనిషిని పంపుతామన్నారు. వీధి స్తంభం మీది పెట్టె నుంచి మా గోడకు సుమారు 40 మీటర్ల దూరం ఉంటుంది. కేబుల్‌ను మేడ మీదుగా తెచ్చి, కిటికీ పక్కన గోడకు రంధ్రం చేసి లోపలికి తీసుకుంటామని ఫోనులో చెప్పారు. రంధ్రం బయటివైపుకు కాస్త వాలుగా లేకపోతే వాన నీరు లోపలికి దిగుతుందని తెలుసు గాని, కేబుల్ లోపల ఉండేది సన్నని గాజు పోగు కనుక గోడ మూలల దగ్గర దానిని ఎంత వరకు వంచవచ్చో తెలియడం లేదు. మా మేడ మీద కోతుల బెడద ఎక్కువ (డిష్ తీగను ఇప్పటికి రెండుసార్లు పీకేశాయి). అందువల్ల ముందే పీవీసీ పైపు వేయించి ఉంచడం మేలా?

రూటర్ కింది గదిలో పెడితే 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ ఇటుక గోడలు, స్లాబు దాటి పైగదికి సరిగా అందదని విన్నాను. పైకి విడిగా లాన్ కేబుల్ లాగించుకున్నవారు ఉంటే వారి అనుభవం చెప్పగలరు.

ముఖ్యమైన సందేహం మరొకటి ఉంది. జీపాన్ (ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ అందించే పద్ధతి) పరికరాలు సాధారణంగా మైనస్ 27 డీబీఎం (ఫైబర్‌లో అందే కాంతి బలానికి కొలత) వరకు పనిచేస్తాయంటారు; అయితే బిగించిన రోజున మీటరులో ఎంత చూపిస్తే నిశ్చింతగా సంతకం పెట్టవచ్చు?