యాకోబు 5:5లోని ‘సుఖముగా జీవించి’కి గ్రీకు మూలం ఏమిటి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)
మా తెలుగు సంఘానికి వచ్చేవారిలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. గత ఆదివారం యాకోబు పత్రిక 5వ అధ్యాయం చదువుతుండగా, ‘సుఖముగా జీవించి భోగాసక్తులై’ అన్నచోట ఒకరు ఆపి, అప్పు చేసి కొన్న ఫ్లాట్‌లో ఏసీ పెట్టించుకోవడం కూడా ఇందులోకి వస్తుందా అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. మూలంలోని మాట ఎలా పుట్టిందో తెలిసినవారు దయచేసి వివరించండి.

సమాధానం 1
అక్కడున్నవి త్రుఫావో, స్పతలావో అనే రెండు క్రియలు. ‘సుఖముగా జీవించి’ అన్నది మొదటిది. దాని నామవాచకమైన త్రుఫే, లూకా 7:25లో రాజగృహాల్లో ఉండేవారి గురించి చెప్పినచోట వస్తుంది. దీనికి మూలం థ్రుప్తో, అంటే ముక్కలు చేయడం, నలిపి మెత్తబరచడం. పసిబిడ్డకు పప్పన్నం మెదిపి పెడతాం కదా, అలాగ. మెదిపినదానికి గట్టితనం పోతుంది కనుక ఆ మాట సుకుమారానికి, అక్కడినుంచి విలాసానికి చెల్లింది. అపొస్తలుల కార్యములు 21:13లో తన గుండె బద్దలు చేయవద్దని పౌలు అన్నప్పుడు వాడినదీ ఈ క్రియే. ముందు ‘సున్’ అనే ఉపసర్గ చేరింది. ‘థ’ పోయి ‘త’ రావడానికి కారణం, దగ్గరదగ్గరగా రెండు మహాప్రాణాలుంటే మొదటిది అల్పప్రాణం కావడమే. సంస్కృతంలో ‘భభూవ’ అనక ‘బభూవ’ అంటారు చూడండి, అదే పద్ధతి.

సమాధానం 2
వ్యుత్పత్తి ముచ్చటగానే ఉంది గాని, దాన్ని పట్టుకొని తీర్పు చెప్పడానికి నేను ఒప్పుకోను. హెబ్రీ లేఖనాల గ్రీకు అనువాదమైన సెప్టువజింట్‌లో, ఆదికాండము 3:23 దగ్గర ఏదెను తోటను ‘త్రుఫే తోట’ అనే అన్నారు. కీర్తనలు 36:8లోని ‘ఆనందప్రవాహము’ కూడా అక్కడ త్రుఫేయే. ఐగుప్తును ఏలిన టాలెమీలలో కొందరికి త్రుఫోన్ అన్నది బిరుదు. రోమా 16:12లో ప్రభువునందు ప్రయాసపడిన త్రుఫైనా, త్రుఫోసాల పేర్లకూ ఇదే ధాతువు! కాబట్టి యాకోబు నింద ఆ మాటలో లేదు, పై వచనంలో ఉంది: ఆ ధనవంతులు చేను కోసినవారి కూలి ఇవ్వకుండా బిగబట్టి, ఆ సొమ్ముతో సుఖపడ్డారు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ వందనాలు. 4వ వచనాన్ని మేము ఒక్క గుక్కలో చదివి దాటేశాం. వచ్చే ఆదివారం అక్కడినుంచే మొదలుపెట్టి, స్పతలావోను 1 తిమోతి 5:6తో కలిపి చూస్తాం.